ఆదరణ చికిత్సకు అలంకారం కాదు

ఏళ్ల తరబడి హింసను భరించిన మనిషి థెరపిస్ట్ ఎదుట మొదట పెట్టేది తరచుగా తన మీద తానే చేసుకునే ఫిర్యాదు: ‘తప్పు నాలోనే ఉందేమో.’ చికిత్సలో అసలు పని జ్ఞాపకాలతోనేనని, కరుణ పైపూత మాత్రమేనని వాదించేవారు ఈ మాటను సరిగా వినడం లేదని నా అభిప్రాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 2022లో అమల్లోకి వచ్చింది. తీవ్ర ఆఘాతం తర్వాత మిగిలే మానసిక రుగ్మతను పీటీఎస్‌డీ అంటారు; ఎక్కువగా దీర్ఘకాల హింస తర్వాత కనిపించే సంక్లిష్ట పీటీఎస్‌డీని ఆ వర్గీకరణ విడి రుగ్మతగా గుర్తించింది. జరిగినది మళ్లీ జరుగుతున్నట్టు అనిపించడం వంటి పీటీఎస్‌డీ లక్షణాలకు తోడు, ఉద్వేగాలు అదుపు తప్పడం, బంధాలు నిలుపుకోలేకపోవడం, తానెందుకూ కొరగానన్న నమ్మకం పాతుకుపోవడం ఆ నిర్వచనంలో ఉన్నాయి. అంటే ఆత్మనింద ఇక్కడ రోగి స్వభావం కాదు, రోగంలో భాగం. రోగంలో భాగమైనదాన్ని పట్టించుకోని చికిత్స సగం చికిత్సే.

ఈ నమ్మకం ఎక్కడిదో ఆలోచించాలి. కాపాడవలసినవారే కొడుతున్నప్పుడు, వారు క్రూరులని ఒప్పుకుంటే పసివాడికి దిక్కు ఉండదు. తానే చెడ్డవాడినని నమ్మితే మాత్రం, మంచిగా మారితే ప్రేమ దొరుకుతుందన్న ఆశ మిగులుతుంది. ప్రాణం నిలబెట్టిన ఆ నమ్మకాన్ని తర్కంతో పెకలించలేము. మరో మనిషి సమక్షంలో భిన్నమైన అనుభవం పదేపదే కలిగితేనే అది సడలుతుంది. అందుకే ఏం జరగబోతోందో ముందే చెప్పడం, ఆపమంటే ఆపడం, మౌనాన్ని మొండితనంగా రాసుకోకపోవడం, పొరపాటు జరిగితే థెరపిస్టే క్షమాపణ అడగడం మర్యాదలు కావు, చికిత్సా పద్ధతులు. అమెరికన్ మనోరోగ వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో కోలుకోవడాన్ని మూడు దశలుగా వివరిస్తూ భద్రతను మొదట నిలిపింది ఇందుకే.

రోగిని ముందు స్థిమితపరచాలన్న పేరుతో అసలు చికిత్సను, అంటే జ్ఞాపకాలతో చేసే పనిని, అనవసరంగా వాయిదా వేస్తున్నారని కొందరు పరిశోధకులు అంటారు. ఆ ఆందోళనలో బలముంది. కానీ అది జ్ఞాపకాన్ని ఎప్పుడు తెరవాలన్న ప్రశ్న. తెరిచేటప్పుడు పక్కనున్నవారు ఎలా ఉండాలన్నది వేరే ప్రశ్న. ఆదరించడమంటే చెప్పిన ప్రతిదానికీ తలూపడమూ కాదు. ఒకరి బాధను నమ్ముతూనే వారి ప్రవర్తన వల్ల ఇతరులకు కలుగుతున్న నొప్పి గురించి సూటిగా మాట్లాడవచ్చు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది థెరపీ గది బయట జరిగేది. ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’ అని బడి, ఆసుపత్రి, న్యాయస్థానం అడుగుతూనే ఉంటాయి. అనుమానించడమే నిష్పక్షపాతమని మన వ్యవస్థలు భావిస్తున్నాయి. దీర్ఘ హింసకు గురైనవారి కథనం తెగిపోతూ, క్రమం తప్పుతూ వస్తుంది. గాయం వల్ల తెగిన ఆ కథనాన్నే అబద్ధానికి సాక్ష్యంగా లెక్కిస్తారు. వారానికొక గంట థెరపిస్ట్ ఓర్పుగా కట్టిన నమ్మకాన్ని, ఒక విచారణాధికారి ఒకే ప్రశ్నతో కూల్చగలుగుతున్నాడు. కాబట్టి గాయపడినవారితో మాట్లాడే శిక్షణ థెరపిస్టులకు ఎంత అవసరమో, ఆ అధికారికీ అంతే అవసరం.