చూడని కాటుకు సాలీడు మీద నింద

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఒక పాత ఇంట్లో 2001లో ఆరు నెలలపాటు సాలీళ్లను పట్టి లెక్కపెట్టారు. 2,055 తేలాయి. అన్నీ బ్రౌన్ రెక్లూజ్ రకమే. కుడితే చర్మం నల్లబడి కుళ్లిపోతుందని పేరుపడ్డ జాతి అది. ఆ ఇంట్లో నలుగురు ఏళ్ల తరబడి కాపురం ఉంటున్నారు. అప్పటికి ఒక్కరిని కూడా కుట్టిన దాఖలా లేదు.

ఈ లెక్క తెలిసినప్పటి నుంచి "రాత్రి సాలీడు కుట్టినట్టుంది" అని ఎవరన్నా నాకు అనుమానమే. కుట్టగా చూశారా అంటే లేదంటారు. లేచేసరికి మోచేతి దగ్గర ఎర్రటి గడ్డ, మధ్యలో చీము. అంతే సాక్ష్యం. అమెరికాలోనూ సాలీడు కాటు అనుకుని వచ్చే పుళ్లలో చాలావాటికి అసలు కారణం మామూలు మందులకు లొంగని స్టాఫ్ బ్యాక్టీరియా. షుగర్ ఉన్నవాళ్లు అలాంటి గడ్డకు పసుపు రాసుకుంటూ నాలుగు రోజులు గడిపేస్తేనే నాకు టెన్షన్.

మన దగ్గర ఇంకో దొంగ ఉన్నాడు. వానాకాలం ట్యూబ్‌లైట్ దగ్గర చేరే నలుపు, నారింజ రంగుల సన్నటి పురుగు. మెడ మీద పాకితే చేత్తో నలిపేస్తాం. మర్నాటికి కాల్చినట్టు ఎర్రటి వాత. అది కుట్టనే కుట్టదు, దాని ఒంట్లోని రసమే చర్మాన్ని కాలుస్తుంది. తిట్లు మాత్రం గోడమీది సాలీడుకి.

అలాగని విషం లేదనడం లేదు. సిడ్నీ ప్రాంతపు ఫనెల్ వెబ్ మగ సాలీడు నిజంగానే ప్రాణం తీయగలదు. దాని విషం నరాలను ఊరుకోనివ్వదు. చెమటలు, నోట్లో చొంగ, కండరాల అదురు, ఊపిరితిత్తుల్లో నీరు. ఆ కాట్లకు 13 మరణాలు నమోదయ్యాయి, అన్నీ 1981లో విరుగుడు రాకముందువే. ఆ తర్వాత ఒక్కటీ లేదు. కుట్టింది చేతికైతే చేయి, కాలికైతే కాలు మొత్తానికి గట్టిగా బ్యాండేజీ చుట్టి, కదలనివ్వకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అక్కడే ఉండే రెడ్‌బ్యాక్ అనే ఇంకో సాలీడు కుడితే ఆ కట్టు వద్దు, ఐస్ పెట్టాలి. సిడ్నీలో ఉన్న మనవాళ్లకు ఈ తేడా తెలిసి ఉండాలి.

మనకూ ఒకటుంది. గుత్తిలో దొరికినందుకు ఆ ఊరి పేరుతోనే పిలిచే నీలం సాలీడు, 1899లో శాస్త్రలోకానికి తెలిసింది. ఇప్పుడు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్టు తొర్రల్లో మిగిలింది. కట్టెల కోసం ఆ చెట్లే కొట్టేస్తున్నాం. దాని జాతి సాలీళ్లు కుడితే విపరీతమైన నొప్పి, రోజుల తరబడి కండరాలు పట్టేయడం ఉంటాయి, చావు లేదు. నమోదైన ఆ కాట్లలో ఎక్కువ భాగం మన పల్లెలవి కావు. విదేశాల్లో గాజు పెట్టెల్లో వాటిని సరదాగా పెంచుకుంటూ, శుభ్రం చేయబోయి చెయ్యి పెట్టినవాళ్లవి.