అమ్మమ్మ బొమ్మకి కూలి ఎంత?

ఊరు వదిలి వచ్చిన మన గోదావరి వాళ్ల సంఘం వేసే సంక్రాంతి సావనీరు తిరగేస్తే పచ్చళ్ల ప్రకటన ఒకటి కచ్చితంగా తగులుతుంది. ముక్కుపుడక పెట్టుకున్న అమ్మమ్మ, రోలు, వెనక కొబ్బరిచెట్లు. పక్క పేజీలో హోటల్ ప్రకటన. పంచె కట్టినాయన మీసం దువ్వుతూ “ఆయ్, రండి బాబూ, వడ్డించేస్తాం” అంటాడు. గోదావరి వాళ్లంటే ఇంతే అన్నమాట. ఎవర్నీ తిట్టలేదు, పొగిడారే గానీ అంటారు. నా పేచీ ఆ పొగడ్తతోనే.

తిట్టే ప్రకటనలకి ఈమధ్య కాస్త అడ్డు పడింది. మగవాళ్లు ఇంతే, ఆడవాళ్లు ఇంతే అని హాని కలిగేలా మూసపోసే ప్రకటనలు బ్రిటన్‌లో 2019 జూన్ నుంచి కుదరవు. ఆ ఆగస్టులోనే ఒక చీజ్ ప్రకటన ఆగిపోయింది. తిండి ధ్యాసలో పడ్డ ఇద్దరు నాన్నలు చంటిపిల్లల్ని కన్వేయర్ బెల్టు మీద వదిలేస్తారందులో. పిల్లల్ని చూసుకోవడం మగాళ్లకి చేతకాదన్నట్టుందని ఫిర్యాదు. ఇండియాలో ప్రకటనల రంగం తనకు తానే పెట్టుకున్న సంస్థ ఆస్కీ కూడా 2022లో ఇలాంటి మార్గదర్శకాలు తెచ్చింది.

ముద్దుగా వేసే ముద్రలు మాత్రం ఇలాంటి నిబంధనలకి సులువుగా దొరకవు. నరసాపురం లేసు సంగతే చూడండి. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక అది. దారం ఏజెంటు తెచ్చిస్తాడు, అల్లింది పట్టుకుపోతాడు, అల్లినదాన్ని బట్టే డబ్బు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే అరుగు మీద నాలుగు వరసలు, పిల్లాడు నిద్రపోతే ఇంకో నాలుగు. చూపు ఆనినంత సేపూ కొక్కెం సూది ఆడుతూనే ఉంటుంది. దాన్ని అమ్మేటప్పుడేమో “గృహిణులు తీరిక వేళల్లో అల్లినది” అంటారు. ఆ ఒక్క ముక్కే అల్లే ఆవిడ కూలిని కిందికి లాగుతుంది. తీరికలో చేసేదాన్ని పని కింద ఎవరు లెక్కేస్తారు? రేటు పెంచమంటే విడ్డూరంగా చూస్తారు. ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, మంచిదే. గుర్తింపు లేసుకి.

పచ్చదనం ముచ్చటా అంతే. కోనసీమను భూలోక స్వర్గమని ప్లాట్లు అమ్మేవాళ్ల బ్రోషర్లలో 2011 ఖరీఫ్ కనపడదు. సాగు గిట్టుబాటు కాక రైతులు పంట విరామమని పొలాలు వదిలేసిన ఏడాది అది. 1995లో రెండు నెలలకి పైగా మండిన పాశర్లపూడి గ్యాస్ బావీ కనపడదు. రోలు దగ్గర కూర్చోబెట్టిన ఆ అమ్మమ్మ కూతురు కువైట్‌లో ఎవరింట్లోనో అంట్లు తోముతూ ఉండొచ్చు. ఆ ఫోటోతో పచ్చడి అమ్ముడుపోదు మరి.

పచ్చళ్ల వాళ్లనే అనడం అన్యాయం. ఆ బొమ్మ కావాల్సింది మనకి. వదిలేసి వచ్చిన ఊరు వదిలినట్టే ఉండాలి, రేటు పెరగకూడదు, ఎవరూ ముసలివాళ్లు కాకూడదు.

సావనీరు కమిటీ ఒక పని చేయొచ్చు. అర పేజీ, పావు పేజీ రేట్లు పంపేటప్పుడే ఒక షరతు పెట్టాలి. బొమ్మలో ఉన్నావిడ నిజంగా ఆ సరుకు చేసేవాళ్లలో ఒకరై ఉండాలి, తన ఫోటో వేస్తున్నారని ఆవిడకి తెలిసి ఉండాలి, దానికి డబ్బు ముట్టి ఉండాలి. కాదంటే ఒట్టి సీసా బొమ్మ వేసుకోమందాం. ఇద్దరు ముగ్గురు ప్రకటనదారులు అలిగి వెళ్లిపోతారు, తెలుసు. ఆ డబ్బు లోటుకి సంక్రాంతి భోజనంలో ఒక స్వీటు తగ్గించుకుందాం.