కథకి ముందు కూర్చున్న ‘ఫ్యాక్ట్’ పేజీ గారికి

డాన్ బ్రౌన్ రాసిన డావిన్చీ కోడ్ నవలలో ఇంకా ఒక్క హత్యయినా జరగకముందే పాఠకుడికి ఎదురయ్యే ‘ఫ్యాక్ట్’ పేజీ గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం ఆనవాయితీ. కానీ మొన్న ఆదివారం నుంచి మా ఇంట్లో ఇద్దరికి మాటల్లేవు. ఒకరు మా అత్తయ్య, ఇంకొకరు ఆవిడ చిన్నకొడుకు. మధ్యలో మీరు.

చర్చి నుంచి వచ్చి అందరం భోజనాలకి కూర్చున్నాక మా మరిది మిమ్మల్ని తెరిచి గట్టిగా చదివాడు. ‘‘చూడు వదినా, పైనే రాసుంది ఫ్యాక్ట్ అని. ఊరికే అచ్చేస్తారా?’’ అన్నాడు. యేసు ప్రభువుకీ మగ్దలేనే మరియకీ పెళ్ళయిందని, పాప కూడా పుట్టిందని, చర్చి వాళ్ళు రెండు వేల ఏళ్ళుగా దాచిపెట్టారని వాళ్ళమ్మకి పాఠం చెప్పాడు. గోంగూర మటన్ మీద నూనె గడ్డకట్టింది. టీ వేళ దాటినా వాదన తెగలేదు. మిమ్మల్ని దాటి ఎన్ని పేజీలు చదివావని అడిగితే ‘‘సినిమా చూశాగా’’ అన్నాడు. అత్తయ్య అయితే అట్ట కూడా ముట్టుకోలేదు. మొత్తానికి పుస్తకం చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నా మాట ఎవరూ వినలేదు.

మీ ప్రతిభకి ముందుగా అభినందనలు. వందల పేజీల నవలలో మీ వాటా ఒక్క పేజీ. అందులోనే 1099లో పుట్టిన ‘ప్రయరీ ఆఫ్ సయాన్’ అనే రహస్య సంఘం నిజంగా ఉందన్నారు. న్యూటన్, విక్టర్ హ్యూగో, లియొనార్డోలు అందులో సభ్యులని చెప్పే కాగితాలు 1975లో ప్యారిస్ జాతీయ గ్రంథాలయంలో బయటపడ్డాయన్నారు. అయ్యా, ఆ సంఘాన్ని 1956లో ఫ్రాన్స్‌లోని ఆన్‌మాస్ అనే ఊళ్ళో పియెర్ ప్లాంటార్ అనే ఆయన పెట్టాడు. ఆ కాగితాలు ఆయనా ఆయన స్నేహితులూ తయారుచేసి 1960లలో లైబ్రరీలో పెట్టినవి. పెట్టినవాళ్ళు ఉన్నాక కనిపెట్టడం ఎంతసేపు!

దీన్నయినా క్షమించేదాన్ని. రహస్య సంఘం లేకపోతే థ్రిల్లర్‌కి ఊపిరాడదు. ఓపస్ డెయి అనే క్యాథలిక్ సంస్థలో సన్యాసులే ఉండరు, అయినా మీ తర్వాతి పేజీల్లో దాని తరఫున ఒక సన్యాసి హత్యలు చేస్తూ తిరుగుతాడు. పోనివ్వండి, కథ కదా.

నా బాధంతా మీ చివరి వాక్యంతోనే. ఈ నవలలోని కళాఖండాలు, కట్టడాలు, పత్రాలు, రహస్య క్రతువుల వర్ణనలన్నీ ఖచ్చితమైనవని రాశారు. అన్నీనట! మీరు ఏ కోర్టులో ప్రమాణం చేసి చెప్పారండీ ఈ మాట?

ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం ముందున్న గాజు పిరమిడ్‌కి 666 అద్దాలన్నారు. మ్యూజియం వాళ్ళ లెక్కలో 673. లెక్కపెట్టుకోగలిగిన అద్దాల దగ్గరే ఇలా ఉంటే పత్రాల సంగతి ఇంకెలా ఉంటుంది? బైబిల్లో చేరని ఫిలిప్పు సువార్త ఒకటుంది, ఈజిప్టులో 1945లో దొరికిన దాని ప్రతి సంగతే చూడండి. ప్రభువు మరియను ఎక్కడ ముద్దుపెట్టుకునేవాడో చెప్పే చోట, సరిగ్గా ఆ మాట ఉండాల్సిన దగ్గరే పాపిరస్‌కి చిల్లుంది. నూకల్లా రాలిపోయిన ఆ కాగితంలో ఏముండేదో పండితులు ఊహిస్తారు, ఊహేనని చెప్పి బ్రాకెట్లో పెడతారు. మీ నవల్లో పండితుడైన పెద్దాయన మాత్రం పెదవుల మీదేనని గడగడా చదివేస్తాడు. చిల్లు లేదు, బ్రాకెట్ లేదు. ముందు పేజీలో మీరున్నారుగా హామీదారుగా! నిన్న ఆ ముక్కే మళ్ళీ మా మరిది ఫోన్ చేసి నాకు వినిపించాడు, ‘‘సువార్తలోనే ఉంది వదినా’’ అని.

ప్యారిస్‌లోని సాన్ సుల్‌పీస్ చర్చి వాళ్ళ అవస్థ ఇంకా ఘోరం. మీ మాట నమ్మి వచ్చేవాళ్ళకి సమాధానం చెప్పలేక నోటీసు పెట్టుకున్నారు. చర్చి నేల మీదున్న గీత పాత అన్యదేవతల గుడి అవశేషం కాదు, కిటికీలమీది పి, ఎస్ అక్షరాలు పీటర్, సుల్‌పీస్ అనే పునీతులవే గానీ ప్రయరీ ఆఫ్ సయాన్‌వి కావు అని. ప్రార్థన చేసుకునే చోట, నవలకి ఖండన గోడకి తగిలించుకోవాల్సి వచ్చింది.

అడిగితే ఏమంటారో నాకు తెలుసు. ‘‘నవలేగా, అంత సీరియస్ ఎందుకు’’ అంటారు. మీ వాళ్ళందరిదీ ఇదే పాట. నమ్మేటప్పుడు చరిత్ర, నిలదీస్తే నవల. 1982లో ఈ యేసు వంశం కథనే చరిత్రగా రాసిన ముగ్గురిలో ఇద్దరు, ఈ నవల్లోకి మా ఆలోచన కొట్టేశారని లండన్‌లో దావా వేసి 2006లో ఓడిపోయారు. చరిత్రే అయితే అది ఎవరి సొంతమండీ, కొట్టేయడానికి?

ఇటు చర్చి వైపు వాళ్ళూ తక్కువ తినలేదు. 2005లో ఒక కార్డినల్ గారు ఈ పుస్తకం కొనద్దు, చదవద్దు అన్నారు. వద్దంటే మనిషి ఊరుకుంటాడా? 2006 జూన్‌లో మన అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినిమాని నిషేధించింది, అదే నెలలో హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఆ నిషేధం పుస్తకం జోలికి మాత్రం రాలేదు. హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద మీరు దర్జాగా దొరికారు. ఇంకో ముచ్చట వినండి. మన దేశంలో ఆ సినిమాకి ఇదంతా కల్పితమని కార్డు వేయించారు. అంటే తెర మీద కల్పితం, అట్ట తెరిస్తే ఫ్యాక్ట్. ఒకే కథకి రెండు ప్రమాణపత్రాలు!

మా అత్తయ్య ఏమందో చెప్పనా? ఆవిడ నిషేధం అడగలేదు, పుస్తకం తగలబెట్టమనలేదు. ప్లేటు తీస్తూ ఒక్క మాట అంది: ‘‘కథ రాసుకోమనమ్మా. సాక్ష్యం అనద్దని చెప్పు.’’ పది ఆజ్ఞలు కంఠతా వచ్చిన మనిషి. పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం పలకకూడదనేది ఆవిడకి బల్ల మీద ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలిసినంత బాగా తెలుసు. మనోభావాలు దెబ్బతిన్నాయని పేపర్లో ప్రకటనలిచ్చే పెద్దమనుషుల్లో ఒక్కరికీ ఇంత సూటిగా చెప్పడం రాలేదు.

నాకు మాత్రం ఆ నవల నచ్చింది, మొహమాటం లేకుండా చెప్తున్నా. మ్యూజియంలో శవం, ఊతకర్రల ముసలాయన, పావుగంటకో మలుపు. పొయ్యి మీద పాలు పొంగినా లేవనివ్వలేదు. అంత పట్టు ఉన్న కథకి మీ కాపలా ఎందుకు? అబద్ధమని తెలిసి కూడా జనం కళ్ళప్పగించి చదివేవాళ్ళే. మా ఇంట్లో మరిది గర్వం, అత్తయ్య కన్నీళ్ళు, నా ఆదివారం, ఈ మూడూ ఆ ఒక్క పేజీ ఖాతాలోకే వెళ్ళాయి. సిగ్గుండాలి!

ఇన్ని కోట్ల కాపీలు అమ్ముడయ్యాక మిమ్మల్ని తీసేయమంటే ఎవరూ వినరు. కనీసం ఆ చివరి వాక్యంలోంచి ‘అన్నీ’ అన్న మాటయినా తీయించండి. తీయించడం కుదరకపోతే మా మరిది నంబరు ఇస్తాను, మీరే ఫోన్ చేసి చెప్పుకోండి.

ఇట్లు,
రెండో పేజీ నుంచి మీ అభిమాని