ఆమెకు సూదులు, ఆయనకు పొడులు

నెల రోజుల్లో వీర్యకణాల కౌంట్ పెంచేస్తామనే పొడుల ప్రకటనలు బస్టాండు గోడల మీద నుంచి సెల్‌ఫోన్లలోకి పాకాయి. అడిగే నాథుడు లేడు. అడగకుండా తప్పించుకునే దారి చట్టంలోనే ఉంది మరి. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూలు తిరగేయండి. నయం చేస్తామని ప్రచారం చేసుకోకూడని జబ్బుల జాబితాలో స్త్రీల వంధ్యత్వం ఉంది, నపుంసకత్వమూ ఉంది. మగవాడి సంతానలేమి మాత్రం లేదు! పిల్లలు పుట్టకపోతే లోపం ఆడదానిదేనని సాక్షాత్తూ పార్లమెంటే రాసిపెట్టిందన్నమాట.

సైన్స్ ఏం చెబుతోంది? వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. నెల రోజుల మాట అక్కడే తేలిపోయింది. చివరి దశలో కణంలోని డీఎన్‌ఏ బిగుసుకుపోయి, జన్యువుల నుంచి కొత్త ఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు రాసిచ్చే చీటీ) రావడం ఆగిపోతుంది. అందుకే ముందే తయారైన ఆర్‌ఎన్‌ఏను కొన్ని ప్రోటీన్లు, తేదీ వేసిన చెక్కును బీరువాలో పెట్టినట్టు, పట్టి ఉంచుతాయి. సమయం రాకముందే వదిలితే ఏమవుతుందో 1995లో ఎలుకల్లో చూశారు. డీఎన్‌ఏను చుట్టే ప్రోటమిన్ తొందరపడి తయారైంది, కణాల ఎదుగుదల అక్కడే నిలిచిపోయింది.

అదే ఏడాది అమెరికాలోని వైట్‌హెడ్ సంస్థ బృందం, వీర్యకణాలే లేని 89 మంది మగవారిలో 12 మందికి వై క్రోమోజోమ్‌లో ఒక ముక్క లేదని తేల్చింది. ఆ ముక్కలోని డీఏజెడ్ అనే జన్యువు తయారుచేసేది ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ప్రోటీన్‌నే. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ 2003లో వీర్యకణాలే లేని 340 మందిని పరీక్షిస్తే 29 మంది వై క్రోమోజోమ్‌లో లోపాలు బయటపడ్డాయి. ఊడిపోయిన జన్యువును ఏ పొడి తిరిగి అతికిస్తుంది? వై క్రోమోజోమే లేని భార్యకు ఈ లోపంతో ఏం సంబంధం?

పొగ, మద్యం మానేస్తే కొందరికి కౌంట్ మెరుగవుతుందని, పొడులన్నిటినీ ఒకే గాటన కట్టకూడదని అనేవారున్నారు. మానేయమని చెప్పడానికి పొడి అమ్మనక్కర్లేదు.

ఇళ్లలో జరిగేదీ ఇదే కపటం. కొన్ని వందల రూపాయల్లో, ఒక్క పూటలో అయిపోయే సెమెన్ టెస్ట్‌కు ఆయన పరువు అడ్డొస్తుంది. ఆమెకు మాత్రం ట్యూబ్ టెస్టు, స్కానింగులు, లాపరోస్కోపీ, హార్మోన్ సూదులు. అత్తగారి మొక్కులు వీటికి అదనం. భర్త రిపోర్టు చూడకుండా భార్యకు సూది పొడిచే క్లినిక్‌లు సంప్రదాయ కుటుంబాలను తప్పుబట్టే అర్హత ఎప్పుడో పోగొట్టుకున్నాయి. పైగా డీఏజెడ్ లోపమున్న తండ్రికి ఇక్సీతో, అంటే వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే పద్ధతితో, కొడుకు పుడితే వాడికీ అదే లోపం వస్తుంది. ఈ సంగతి చెక్కు తీసుకునే ముందు చెప్పాలి, తర్వాత కాదు.

2020లో పాత చట్టం సవరణకు ముసాయిదా తెచ్చి అటకెక్కించారు. 2021లో ఐవీఎఫ్ కేంద్రాలకు కొత్త చట్టం తెచ్చారు, పాత షెడ్యూలు జోలికి పోలేదు. ఆ జాబితాలో మగవాడి సంతానలేమిని చేర్చడానికి ఏ కమిటీ నివేదిక కావాలి? భర్త పరీక్ష ఫైల్లో లేనిదే భార్యకు చికిత్స మొదలుపెట్టకూడదని ఆదేశం ఇవ్వడానికి ఆరోగ్య శాఖకు ఏ ముహూర్తం కుదరడం లేదు? మగవాడి పరువు కాపాడే పని మీకెవరు అప్పగించారు?