అడ్వాన్స్ ఇచ్చినంత మాత్రాన మనిషి మన సొత్తు అయిపోడు

భీమవరం నుంచి అమలాపురం దాకా ఆక్వా వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "మన రొయ్యల ప్లాంట్లలో వెట్టిచాకిరీ ఉందనడం అమెరికా కుట్ర. కూలీలు ఇష్టపడే వస్తున్నారు. అడ్వాన్స్ తిన్నవాడు బాకీ తీరేదాకా పని చేయాల్సిందే. ఏదైనా జరిగితే అది కాంట్రాక్టరు తప్పు, కంపెనీకి సంబంధం లేదు. అయినా ఇన్ని షెడ్లు, ఇన్ని చెరువులు ఏ కంపెనీ చూసుకోగలదు?" నాకు తెలిసిన రైతులే, మంచివాళ్ళే దీన్ని ఫార్వర్డ్ చేస్తున్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు కుట్ర సంగతి. 2024 మార్చిలో ఆంధ్రా రొయ్యల పరిశ్రమలో బలవంతపు చాకిరీ ఉందని అమెరికాలో నివేదికలు వచ్చాయి. మన పరిశ్రమవాళ్ళు అవి అబద్ధాలన్నారు. అక్కడ సముద్రంలో రొయ్యలు పట్టేవాళ్ళు మన సరుకు మీద సుంకాలు వేయమని ఎప్పటినుంచో అడుగుతున్నారు, ఇలాంటి నివేదికలు వాళ్ళకి పనికొస్తాయన్నదీ నిజమే. కానీ వెట్టిని నేరం చేసింది వాళ్ళు కాదు. మన రాజ్యాంగంలో వెట్టిని నిషేధించే 23వ అధికరణం ఉంది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. అప్పటికి ఈ డెల్టాలో ఇప్పుడు పెంచే వనామీ రొయ్య పేరు విన్నవాళ్ళే లేరు.

"ఇష్టపడే వచ్చారు" అనే మాట దగ్గర నాకు నిజంగా బాధేస్తుంది. కోనసీమలో, పశ్చిమ గోదావరిలో ఇంటికో మనిషి గల్ఫ్‌కి వెళ్ళిన ఊళ్ళున్నాయి. మన ఆడపిల్లలు కువైట్‌కి, మస్కట్‌కి ఇంటిపనికి ఇష్టపడే వెళ్ళారు. అక్కడ యజమాని పాస్‌పోర్టు లాక్కుని, జీతం ఆపి, గడప దాటనివ్వకపోతే మనం ఏమన్నాం? బానిసత్వం అన్నాం, కలెక్టరాఫీసు ముందు కూర్చున్నాం. అదే ఒడిశా నుంచి వచ్చిన భార్యాభర్తల ఆధార్ కార్డులు తీసుకుని, చెరువు గట్టు మీద పాకలో కాపలాకి పెట్టి, జీతం రొయ్యల పట్టుబడి అయ్యాకే ఇస్తామంటే దానికి "సెక్యూరిటీ" అని పేరు పెడుతున్నాం. గుర్తింపు కార్డులు దగ్గర పెట్టుకోవడం, జీతం తొక్కిపెట్టడం, బయటికి పోనివ్వకపోవడం, అప్పుతో కట్టేయడం, ఇవన్నీ బలవంతపు చాకిరీకి ఆనవాళ్ళని అంతర్జాతీయ కార్మిక సంస్థ చెబుతుంది. గల్ఫ్‌కైనా, గట్టుకైనా ఆనవాళ్ళు అవే. మనిషి ఎలా వచ్చాడన్నది ఒక్కటే చూస్తే చాలదు, పోతానన్నప్పుడు పోగలడా అన్నది చూడాలి. 1982లో ఆసియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. పేదరికం తరిమితే కనీస వేతనం కంటే తక్కువకి ఒప్పుకుని చేసిన పని కూడా బలవంతపు చాకిరీయేనని జస్టిస్ భగవతి తీర్పు రాశారు.

ఇక అడ్వాన్స్. కూలీలను తెచ్చి పనిలో పెట్టే ఒక మేస్త్రి చిన్న నోటుబుక్కు నేను చూశాను. పీలింగ్ షెడ్లో పనిచేసే ఒకావిడ పేరు కింద అడ్వాన్స్, రైలు ఛార్జీ, గది అద్దె, బియ్యం, జ్వరమొస్తే తెచ్చిన మాత్రలు, అన్నీ వరసగా రాసున్నాయి. పక్కన రొయ్యల తోలు వొలిచిన కేజీల లెక్క. నెలాఖరుకి ఆవిడ బాకీ తగ్గలేదు, పెరిగింది. ఆ లెక్క ఆవిడ చదవలేదు, ఎందుకంటే అది తెలుగులో ఉంది. మన తాతల కాలంలో అప్పు తీరక పాలేరు కొడుకు కూడా పాలేరయ్యేవాడు. ఈ నోటుబుక్కు దానికి ఎంత దూరంలో ఉంది?

అడ్వాన్స్ ఇవ్వడమే నేరమని ఎవరూ అనడం లేదు. అది తీరేదాకా వేరే చోటికి పోకూడదు, తక్కువ కూలికే చేయాలి అని కట్టేయడం నేరం. అలాంటి అప్పు 1976 చట్టం ప్రకారం రద్దయిపోతుంది, తీర్చక్కర్లేదు. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సిన భారం కూడా అప్పిచ్చినవాడిదే. వెట్టి చేయించినవాడికి మూడేళ్ళ దాకా జైలు.

కాంట్రాక్టరు మీదికి నెట్టేయడం కుదరదు. అతను కూలి ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టమే చెప్పింది, 2025లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లోనూ ఆ మాట ఉంది. కొనేవాళ్ళ దేశాలూ ఊరుకోవడం లేదు. 3.6 కోట్ల పౌండ్ల టర్నోవర్ దాటిన కంపెనీలు తమ సరఫరా గొలుసులో బానిసత్వాన్ని అరికట్టడానికి ఏం చేస్తున్నాయో ఏటా ప్రకటించాలని బ్రిటన్ 2015లోనే చట్టం చేసింది. బలవంతపు చాకిరీతో తయారైన సరుకును 2027 డిసెంబరు నుంచి యూరప్ మార్కెట్లో అమ్మనివ్వరు.

"ఇన్ని చెరువులు ఎవరు చూస్తారు?" అంటారా? యూరప్‌కి పంపే సరుకుకి పట్టుబడికి ముందే చెరువు వారీగా శాంపిల్ తీసి యాంటీబయాటిక్ పరీక్ష చేయిస్తున్నారు కదా. రొయ్యలో మందు అవశేషం ఉందేమోనని చెరువు దాకా వెళ్ళగలిగిన కంపెనీ, ఆ గట్టు మీదున్న మనిషికి జీతం అందిందో లేదో అడగలేదా?

చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవీ కావు. పనిలో పెట్టించే ఖర్చు, రైలు ఛార్జీ కంపెనీయే పెట్టుకోవాలి. కూలి మేస్త్రి చేతికి పోకుండా పనిచేసినవాళ్ళ బ్యాంకు ఖాతాలోనే పడాలి. జీతం చీటీ ఒడియాలోనో బెంగాలీలోనో ఇవ్వాలి. ముందే తేదీ చెప్పి వచ్చే ఆడిట్‌కి షెడ్లు కడిగి, కూలీలకి జవాబులు నేర్పి పెడతారు, కాబట్టి చెప్పకుండా, రాత్రి షిఫ్టులో వెళ్ళాలి. హాస్టల్లో మేనేజరు లేకుండా ఆడవాళ్ళతో ఆడవాళ్ళే మాట్లాడాలి. తప్పు బయటపడితే కాంట్రాక్టును రద్దు చేసి చేతులు దులుపుకుంటే ఆ కూలీలు రోడ్డున పడతారు. ముందు వాళ్ళ బకాయిలు తీర్చాలి, కార్డులు తిరిగి ఇప్పించాలి.

మీ చెరువుల దగ్గరో షెడ్లోనో ఇలాంటిది కంటపడితే ఆర్డీవోకి గానీ కలెక్టరుకి గానీ రాసివ్వండి. విచారణ చేసి విముక్తి పత్రం ఇవ్వాల్సిన బాధ్యత వాళ్ళది. ఉచిత న్యాయ సహాయానికి 15100కి ఫోన్ చేయొచ్చు. కాల్ చేసింది కూలీయే అయితే, భాష రాక ఇబ్బంది పడుతుంటే, పక్కన నిలబడి రెండు మాటలు మీరే చెప్పండి.