రసాయనం వెళ్లినంత దూరం లేబుల్ వెళ్తోందా?

ఒక పదార్థాన్ని ఎలుకలకు నోటి ద్వారా, కిలో శరీర బరువుకు 257 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే వాటిలో సగం చనిపోతాయనుకోండి. పాత పద్ధతుల్లో అమెరికా దాన్ని విషం అనేది. యూరప్ హానికరం అని ఊరుకునేది. చైనాలో అయితే అది ప్రమాదకర పదార్థాల లెక్కలోకే వచ్చేది కాదు. డ్రమ్ములో ఉన్న ద్రవం అదే అయినా, సరిహద్దు దాటగానే దాని మీది హెచ్చరిక మారిపోయేది.

ఈ గందరగోళానికి విరుగుడుగా వచ్చిందే జీహెచ్‌ఎస్, అంటే రసాయనాల వర్గీకరణకు, లేబుళ్లకు ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి. 1992లో పర్యావరణం మీద జరిగిన రియో సదస్సు దీన్ని లక్ష్యంగా పెట్టింది. పదేళ్ల కసరత్తు తర్వాత ఐక్యరాజ్యసమితి నిపుణుల కమిటీ 2002 డిసెంబరులో ఆమోదించింది. ఎర్ర అంచు ఉన్న డైమండ్ ఆకారంలో 9 గుర్తులు, తీవ్రతను చెప్పే రెండు హెచ్చరిక పదాలు, ఎప్పుడూ ఒకే వరుసలో ఉండే 16 భాగాల సేఫ్టీ డేటా షీట్, అంటే పదార్థం ప్రమాదాలను, తీసుకోవాల్సిన జాగ్రత్తలను వివరించే పత్రం. ఆ 257 మిల్లీగ్రాముల పదార్థం ఈ పద్ధతిలో మూడో కేటగిరీలోకి వస్తుంది, పుర్రె గుర్తు పడుతుంది.

పద్ధతి బాగుంది. అమలు మాత్రం గడువులు మార్చుకుంటూ నడుస్తోంది. 2002లోనే జోహానెస్‌బర్గ్ సదస్సు 2008కల్లా దీన్ని అమల్లోకి తేవాలని చెప్పింది. అది జరగలేదు. 2023లో బాన్‌లో కుదిరిన కొత్త అంతర్జాతీయ ఒప్పందం 2030ని గడువుగా పెట్టింది. ఈసారీ అదే గతి పడుతుందేమోనన్న టెన్షన్ నాకు ఉంది. ఎందుకంటే చాలా ప్రభుత్వాలు దీన్ని గెజిట్‌లో పట్టికలు అచ్చువేసే పనిగా చూస్తున్నాయి. అసలు కష్టం ఆ పట్టికలు అచ్చయ్యాకే మొదలవుతుంది.

ఫ్యాక్టరీ నుంచి బయలుదేరిన 200 లీటర్ల డ్రమ్ము మీద లేబుల్ దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటుంది. డ్రమ్ము డీలర్ దగ్గర డబ్బాల్లోకి, డబ్బా పనివాడి దగ్గర సీసాలోకి మారుతుంది. మనుషులకు దెబ్బ తగిలేది అక్కడే, లేబుల్ లేనిదీ అక్కడే. పారాక్వాట్ అనే కలుపుమందు సంగతి చూడండి. కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టిన దాన్ని పొరపాటున తాగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. చివరికి తయారీదార్లు అందులో నీలం రంగు, భరించలేని వాసన, తాగితే వాంతి తెప్పించే మందు కలపాల్సి వచ్చింది. లేబుల్ వెంట రాదని తేలిపోయింది కాబట్టి హెచ్చరికను ద్రవంలోనే కలిపారన్నమాట. అప్పటికే అది ఎన్నో ప్రాణాలు తీసింది.

పెద్ద డబ్బాలోంచి తీసుకున్న మనిషే, అదే షిఫ్టులో, తానే వాడేస్తే ఆ చిన్న పాత్రకు లేబుల్ అక్కర్లేదని అమెరికా నిబంధన చెబుతుంది. కాగితం మీద సబబే. షిఫ్టు మారి, సగం మిగిలిన పాత్ర బల్ల మీద ఉండిపోతే? ఈ పద్ధతి అమలుకు దేశం వేసుకునే ప్రణాళిక ఈ ప్రశ్న దగ్గర మొదలవ్వాలి. చిన్న డబ్బాలకు అతికించే లేబుళ్లు ఎవరు ఇస్తారు, విడిగా పోసి అమ్మడాన్ని ఎవరు ఆపుతారు, తనిఖీకి మనుషులు ఎక్కడి నుంచి వస్తారు అన్నవి అందులో ఉండాలి.

రెండోది, చదివేవాడికి అర్థమవుతోందా అన్నది. మంట గుర్తు, పుర్రె గుర్తు ఎవరికైనా తెలుస్తాయి. వలయం మీద మంట ఉన్న గుర్తును మాత్రం మామూలు మంట గుర్తే అనుకుంటారు. నిజానికి అది ఆక్సిడైజర్‌కు, అంటే ఇతర వస్తువులను ఉధృతంగా మండించే పదార్థానికి గుర్తు. ఛాతీ మీద నక్షత్రం పగిలినట్టున్న మనిషి బొమ్మ చూసి, ఇది ఏళ్ల తర్వాత వచ్చే కాన్సర్ గురించి చెబుతోందని ఎవరికి తడుతుంది? శిక్షణ లేకుండా ఎవరికీ తట్టదు. అంకెలతోనూ చిక్కే. జీహెచ్‌ఎస్‌లో 1 అంటే అన్నిటికన్నా ప్రమాదం. అమెరికా అగ్నిమాపక సిబ్బంది చూసే రంగుల డైమండ్‌లో 4 అంటే అన్నిటికన్నా ప్రమాదం. రెండూ ఒకే గోడౌన్‌లో కనిపిస్తాయి. అందుకే అచ్చుకు వెళ్లే ముందే లేబుళ్లను పనివాళ్లకు, రైతులకు, ఇళ్లలో వాడేవాళ్లకు, వాళ్ల భాషలోనే చూపించి ఏం అర్థమైందో అడగాలి. ఖర్చులు తగ్గించేటప్పుడు మొదట కొట్టేసేది ఈ పనినే. నా దృష్టిలో చివరిదాకా కాపాడుకోవాల్సింది కూడా ఇదే.

ఇక బాధ్యత ఎవరిది? ఫ్యాక్టరీ కార్మిక శాఖ కిందికి, పురుగుమందు వ్యవసాయం కిందికి, లారీ రవాణా కిందికి, ఇంట్లో వాడే క్లీనర్ వినియోగదారుల శాఖ కిందికి వస్తాయి. దిగుమతులు చూసేది కస్టమ్స్. 2020 ఆగస్టు 4న లెబనాన్‌లోని బీరూట్ పోర్టులో పేలిన అమ్మోనియం నైట్రేట్ అక్కడ ఏళ్ల తరబడి పడి ఉంది. అది ఏమిటో అధికారులకు తెలుసు, హెచ్చరిస్తూ లేఖలూ వెళ్లాయి. సరుకు మాత్రం అక్కడి నుంచి కదలలేదు. 200 మందికి పైగా చనిపోయారు. అమలు చూసే కమిటీలో అన్ని శాఖలూ కూర్చున్నా, చివరి మాట చెప్పే అధికారం, బడ్జెట్ ఒక్కరి చేతిలో ఉండాలని అందుకే అంటున్నాను.

వర్గీకరణ, అంటే ఏ పదార్థం ఏ కేటగిరీలోకి వస్తుందో తేల్చడం, కంపెనీలే చేసుకోవాలన్నది కూడా మామూలుగా కనిపించినంత తేలిక కాదు. యూరప్‌లో బహిరంగంగా ఉన్న జాబితాలోనే ఒకే పదార్థాన్ని వేర్వేరు కంపెనీలు వేర్వేరుగా వర్గీకరించిన ఉదాహరణలు ఉన్నాయి. చిన్న దేశం ప్రతి పదార్థాన్నీ కొత్తగా పరీక్షించలేదు. నమ్మదగ్గ జాబితాను తీసుకుని, తేడా వచ్చిన చోట అడిగే నిపుణుల బృందం ఉంటే చాలు.

ప్రమాదం జరిగాక ఫోన్ ఎత్తే మనిషి కూడా ప్రణాళికలో భాగమే. 1984 డిసెంబరులో భోపాల్‌లో మిథైల్ ఐసోసైనేట్ లీకైన రాత్రి, వచ్చిన గ్యాస్ ఏమిటో, దానికి చికిత్స ఏమిటో డాక్టర్లకు సరైన సమాచారం అందలేదు. ఇప్పుడు యూరప్‌లో ప్రమాదకర మిశ్రమాల లేబుల్ మీద 16 అక్షరాల కోడ్ ఒకటి ఉంటుంది. దాన్ని ఫోన్‌లో చదివి వినిపిస్తే, లోపల ఏముందో, విషం సోకినవాళ్ల చికిత్సకు సలహా ఇచ్చే పాయిజన్ సెంటర్‌కు వెంటనే తెలుస్తుంది. పాయిజన్ సెంటరే లేని దేశంలో ఆ కోడ్ వల్ల ఉపయోగం లేదు.

2030లో ప్రభుత్వాలు పంపే నివేదికల్లో ‘అమలు చేశాం’ అనే గడి ఉంటుంది. దాని పక్కన ఇంకో రెండు గడులు పెట్టాలి: తనిఖీల్లో లేబుల్ లేకుండా దొరికిన చిన్న డబ్బాలు ఎన్ని, లేబుల్ చూపించి అడిగితే సరిగ్గా చెప్పిన పనివాళ్లు వందకు ఎంతమంది.