నడుస్తూ మాట్లాడిన అత్తగారు

టెలివిజన్ తెర వెనుక పనినే కథగా మలిచిన ధారావాహికల్లో 'స్పోర్ట్స్ నైట్' ఒకటి. ఆరన్ సోర్కిన్ సృష్టించిన ఈ అమెరికన్ హాస్యధారావాహిక 1998 నుంచి 2000 వరకు ఏబీసీ చానల్‌లో 45 ఎపిసోడ్లు నడిచింది. ఒక క్రీడావార్తల కార్యక్రమాన్ని రోజూ నిలబెట్టడానికి న్యూయార్క్ స్టూడియోలో పడే తిప్పలే అందులోని కథ. పాత్రలు వరండాల్లో వేగంగా నడుస్తూ, అంతకంటే వేగంగా మాట్లాడుకుంటూ ఉంటాయి. ఎక్కడ నవ్వాలో ప్రేక్షకులకు తెలియదేమోనన్న బెంగతో చానల్ వారు, సోర్కిన్ వద్దంటున్నా, నవ్వుల శబ్దాన్ని అతికించారు. అది పోనుపోను సన్నగిల్లి, రెండో సీజన్లో పూర్తిగా వదిలిపోయింది.

హైదరాబాదులో నేను మాటలు రాస్తున్న డైలీ సీరియల్ దర్శకుడు గారికి ఇందులో నడక నచ్చింది. మన సీరియళ్ళలో పాత్రలు వరుసగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు ఉలిక్కిపడటమే తప్ప కదలవని ఆయనకు చాలాకాలంగా బాధ. అందువల్ల అత్తగారు కోడల్ని హాల్లోంచి వంటింటి దాకా నడుస్తూ తిట్టాలని నిర్ణయించారు. మా హాలంటే అద్దె బంగళాలోని హాలు. పై గది ఆసుపత్రి, కారు షెడ్డు పోలీస్ స్టేషన్. కాబట్టి నడవడానికి మిగిలింది లైటు స్టాండ్లకూ సోఫాకూ మధ్యనున్న సందు మాత్రమే.

అత్తగారి వేషం వేసే ఆవిడ బెంగళూరు నుంచి వస్తారు. ఆమెకు తెలుగు రాదు. సహాయ దర్శకుడు కెమెరా పక్కన నిలబడి మాటలు అందిస్తే, ఆమె ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతారు. గొంతు ఎలాగూ డబ్బింగులో వేరొకరిది పడుతుంది. కూర్చుని తిట్టినన్నాళ్ళూ ఈ ఏర్పాటు నిక్షేపంగా సాగింది. ఇప్పుడు అత్తగారు నడవాలంటే ప్రాంప్టరు కూడా నడవాలి. ఆమెకు వినబడాలి, కెమెరాకు కనబడకూడదు, అంటే స్క్రిప్టు పట్టుకుని వంగి వెనక్కి నడవాలి.

మొదటి నాలుగు మాటలూ అద్భుతంగా వచ్చాయి. అయిదో మాటకు అతని కాలికి లైటు వైరు చుట్టుకుంది. పడబోతూ, "అయ్యో, వైరు! ఎవడ్రా ఇక్కడ పెట్టింది?" అన్నాడు. అత్తగారు ఏమాత్రం తొణకకుండా, కళ్ళెర్రజేసి, ముక్కుపుటాలు అదురుతుండగా, కోడలి ముఖంలోకి చూస్తూ "అయ్యో, వైరు! ఎవడ్రా ఇక్కడ పెట్టింది?" అని గర్జించారు. ఆ గర్జనలో ఏడు తరాల పరువు ధ్వనించింది.

కోడలు వేషం వేసే అమ్మాయిది రాజమండ్రి. వైరంటే ఏమిటో ఆమెకు తెలుసు. చప్పున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచి, భుజాలు కుదిపేసుకుంటూ నవ్వింది. కళ్ళవెంట నీళ్ళు కూడా కారాయి. మానిటరు తప్ప మరేదీ చూడని దర్శకుడు గారు పరవశించి, గ్లిజరిన్ లేకుండా ఇంత ఏడుపు ఈ మధ్య చూడలేదని, షాటు ఓకే చేసి భోజనాలకు లేచిపోయారు. అమెరికాలో లేని నవ్వును అతికించడానికి చానల్ వారు అంత శ్రమపడ్డారు గానీ, మా వాళ్ళు నిక్షేపంలాంటి నవ్వుకు రెండు వయొలిన్లు తగిలించి శోకరసం చేసేశారు.

చిక్కంతా డబ్బింగు గదిలో వచ్చింది. ఎపిసోడు ఆ రాత్రికే చానల్‌కు వెళ్ళాలి. మళ్ళీ తీసే వ్యవధి లేదు. 'ప, బ, మ'లు పలికితే పెదవులు మూతపడతాయి గనుక, అత్తగారి నోరు ఎక్కడ మూసుకుందో అక్కడ ఆ అక్షరాలే పడాలి. 'వైరం' అందామంటే చివర పెదవులు కలవాలి. ఆవిడ నోరు తెరిచే ఉంచారు. తెల్లమొహాలు వేసుకుని కూర్చున్న మాకు డబ్బింగు చెప్పే అమ్మాయే దారి చూపింది. వాళ్ళది ఖమ్మం జిల్లా. "అయ్యో, వైరా! ఎవతే అక్కడ పుట్టింది?" అని ఒక్క టేకులో చెప్పేసింది. పెదవులు చక్కగా కుదిరాయి.

మాట కుదిరింది గానీ కథకు అసలు ముప్పు అప్పుడే మొదలైంది. వైరాలో ఎవరు పుట్టారని మర్నాడు చానల్ నుంచి ఫోను వచ్చింది. మా కథారచయిత ఊపిరి తీసుకునే వ్యవధిలో ఆలోచించి, కోడలికి ఒక కవల చెల్లెలు ఉందనీ, ఆమె వైరాలో పుట్టి అక్కడే పెరిగిందనీ చెప్పారు. చానల్ వారు దీన్ని ముందే పన్నిన మలుపుగా భావించి మెచ్చుకున్నారు. రాజమండ్రి అమ్మాయి మాత్రం, ఇద్దరుగా నటించాలంటే రెండు పారితోషికాలు కావాలని నిర్మాతకు మర్యాదగానే చెప్పింది.

ఆ దెబ్బతో నిర్మాతగారు ఖమ్మం ప్రయాణం రద్దు చేశారు. కవల చెల్లెలు వైరా రిజర్వాయరు గట్టున నిలబడి తన పుట్టుక గురించి కుమిలిపోయే దృశ్యాన్ని బంగళా మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన తీశాం. అలల చప్పుడు డబ్బింగులో కలిపారు. ఆ రోజు దర్శకుడు గారు ఎవరినీ నడవమనలేదు.